హెన్రీ మాడ్‌స్లే

కుండ చేయుటకు సారె కావలెను. సారె చేయుటకు ఉలి కావలెను. ఉలిని చేయుటకు సుత్తియు పట్టకారును కావలెను. ఇట్లే ప్రతి పనిముట్టు వెనుకను మరియొక పనిముట్టు ఉండును. ఉన్న యంత్రముతో అంతకంటె మేలైన యంత్రమును నిర్మించు విద్యకు దారి చూపిన వారిలో హెన్రీ మాడ్‌స్లే అగ్రగణ్యుడు.

ఇతడు 1771వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఇంగ్లండులోని వూలిచ్‌లో జన్మించెను. పన్నెండవ యేటనే అచటి ఆయుధాగారమున తూటాలకు మందు కూరు పనిలో చేరెను. పిమ్మట వడ్రంగమును, కమ్మరమును నేర్చెను. పదునెనిమిదవ యేట లండనులో తాళములు చేయించు జోసెఫ్ బ్రామా కొలువున ప్రవేశించి, తాళపు భాగములను తయారుచేయు యంత్రములను నిర్మించి, కార్ఖానాకు పెద్ద పనివాడయ్యెను. సంసారము పెరిగినది, జీతము వారమునకు 30 షిల్లింగులే. హెచ్చింపుమని కోరగా యజమాని నిరాకరించెను. మాడ్‌స్లే 1797లో ఆ కొలువు విడిచి సొంతముగా ఒక చిన్న కార్ఖానా తెరచెను.

ఆ కాలమున పనివారు తరచుగా ఉలిని చేత పట్టి, తిరుగుచున్న లోహమును చెక్కెడివారు. చేయి వణకిన పని చెడును. మాడ్‌స్లే ఉలిని ఇనుప పీఠమున బిగించి, దానిని పొడవైన మరచీలచే నడిపించు లేతు యంత్రమును నిర్మించెను. అయితే ఒక చిక్కు కలదు. సరియైన మరను కోయుటకు లేతులో ముందుగా సరియైన మర ఉండవలెను. మొదటి మర ఎక్కడిది? అతడు మెత్తని కడ్డీలపై ఏటవాలు కత్తితో మరలు గీయించి, వానిలో మేలైనదానిని ఏరి, దోషములు దిద్ది, దానితో ఉక్కు మరను కోసెను. ఒక మర అంతకంటె మేలైన మరకు తల్లి అయ్యెను!

తరువాత బ్రూనెల్ రూపకల్పన ననుసరించి పోర్ట్స్‌మత్ ఓడరేవునకు కప్పీలు చేయు 40కి పైగా యంత్రములను నిర్మించెను. నేర్పరులైన 110 మంది చేయు పనిని వానితో 10 మంది సామాన్యులే చేయగలిగిరి.

మాడ్‌స్లే కార్ఖానాలో సూక్ష్మమైన కొలత సాధనము ఒకటి ఉండెను. దాని తీర్పునకు అప్పీలు లేదు గనుక దానికి లార్డ్ ఛాన్సలర్ అని ముద్దుపేరు. రాబర్ట్స్, క్లెమెంట్, విట్‌వర్త్, నాస్మిత్ మొదలైన వారు అతని యొద్ద పనిచేసి, తాము పెద్ద యంత్రముల నిర్మాతలైరి.

1831వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన అతడు మరణించెను. విద్యాలయముల చదువు లేకున్నను, చేయి, కన్ను, ఓర్పు అతనికి గురువులైనవి. బాలబాలికలారా! చేతిలోనున్న సాధనము చిన్నదని చింతింపకుడు. దానిని సరిదిద్దుకొన్న యెడల, అదియే పెద్దదానికి పుట్టినిల్లగును.