రెండు డెల్టాల ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్

పుదుచ్చేరి పట్టణంలోని సోలై నగర్ తీరానికి కావేరి గాని, గోదావరి గాని చేరవు. అయితే అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన కారైకాల్ కావేరి డెల్టా చివరన, యానాం గోదావరి పాయ ఒడ్డున ఉన్నాయి. ఈ రెండు డెల్టాల సేద్యంపైనా ఒకే ఇంజనీరు ముద్ర ఉంది. ఆయనే సర్ ఆర్థర్ థామస్ కాటన్.

1803 మే 15న ఇంగ్లండ్‌లో జన్మించిన కాటన్ యుక్తవయసులోనే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో భారతదేశానికి వచ్చారు. కావేరి నీరు కొళ్లిడం పాయలోకి మళ్లిపోతుండగా తంజావూరు కాలువలు మేటవేస్తున్న కాలమది. చోళుల నాటి కల్లణైని ఆయన నిశితంగా పరిశీలించారు. ఇసుక పునాదిపై నిలిచిన ఆ రాతి కట్టే ఆయనకు అసలైన పాఠశాల అనడం అతిశయోక్తి కాదు. 1836–38 మధ్య ముక్కొంబు వద్ద ఎగువ ఆనకట్ట నిర్మించి, నీటిని తిరిగి కావేరి వైపు మళ్లించారు.

అప్పటికి గోదావరి తీరం దయనీయంగా ఉండేది. 1832–33 నాటి నందన కరువు తెలుగు జిల్లాలను కబళించింది. 1839లో పెనుతుపాను యానాం పొరుగునున్న కోరంగిని ముంచెత్తింది. మహానది పక్కనే పారుతున్నా పొలాలు వానకోసమే ఎదురుచూసేవి. వరద వస్తే పంట పోయేది, వాన రాకపోతే ప్రాణం పోయేది.

కాటన్ నివేదికలు ఆమోదం పొందాక 1847లో ధవళేశ్వరం వద్ద పని ప్రారంభమైంది. లంకలను కలుపుతూ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్ట సాగింది. వేలాది కూలీలు చెమటోడ్చారు. తెలుగు ఇంజనీరు వీణం వీరన్న కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు నీటితోపాటు పడవలనూ మోశాయి. మెట్టపంటల నేల క్రమేణా వరిమాగాణి అయింది. డెల్టా అన్నపూర్ణగా పేరు పొందింది.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్, పదవీ విరమణ తరువాతా వాదన మానలేదు. రైళ్లకంటే కాలువలే కరువును ఆపగలవని 1878లో బ్రిటిష్ పార్లమెంటరీ సంఘం ఎదుట వాదించి విమర్శలకు గురయ్యారు. వృద్ధాప్యంలో లోతు దుక్కితో గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. నీటి మనిషి చివరకు మట్టి వైపు తిరగడం ఆసక్తికరం. 1899 జూలైలో డార్కింగ్‌లో కన్నుమూశారు.

పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. డెల్టా గ్రామాల్లో ఆయన విగ్రహాలు నేటికీ పూలమాలలు అందుకుంటున్నాయి. ముక్కొంబు కట్టడంలో కొంతభాగం మాత్రం 2018 ఆగస్టు వరదల్లో కొట్టుకుపోయింది.

కాలువ తెచ్చిన సేద్యానికి మరో ముఖమూ ఉంది. వరి ఒక్కటే ఆధారమైన చోట మురుగునీరు కదలకపోయినా, ఎరువుల ఖర్చు పెరిగినా, ధర పడిపోయినా రైతుకు వేరే దారి మిగలదు. ఎన్నో వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు, కాలువల్లో నీరు ఉండగానే, నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు.