జైలులో అక్షరాలు దిద్దించిన జూలియా బరోలో

సికింద్రాబాద్‌లోని సెయింట్ ఆన్స్ హైస్కూల్ పేరు మన జిల్లాలో చాలామంది విన్నదే. 1871లో మొదలైన ఆ ఆడపిల్లల బడి వెనుక ఇటలీ దేశానికి చెందిన ఒక మహనీయురాలు ఉన్నారు. ఆమె పేరు జూలియా బరోలో. ఆమె మన దేశానికి ఎన్నడూ రాలేదు. బడి తెరిచేనాటికి ఆమె చనిపోయి ఏడేళ్లయింది. అయినా హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనం ఆమె జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి.

జూలియా గారు ఫ్రాన్స్ దేశంలో పేరున్న కోల్బెర్ వంశంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. 1789లో మొదలైన ఫ్రెంచి విప్లవంలో ఆమె బంధువులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. పెద్దయ్యాక ఇటలీకి చెందిన కార్లో తాంక్రెది ఫల్లెత్తి బరోలో అనే సంపన్నుణ్ణి వివాహం చేసుకున్నారు. 1814లో ఆ దంపతులు ట్యూరిన్ నగరంలో స్థిరపడ్డారు. వారికి పిల్లలు లేరు. ఆస్తి, పలుకుబడి మాత్రం ఎంతో ఉన్నాయి.

ఒకసారి ఈస్టర్ రోజుల్లో రోగులకు దివ్య సత్ప్రసాదం తీసుకువెళ్తున్న ఊరేగింపు జైలు పక్కగా పోతోంది. లోపలి నుంచి ఒక ఖైదీ తనకు కావలసింది అది కాదు, తాగడానికి ఇంత సూప్ అని కేక వేశాడు. ఆకలి తెలిసినవారికి ఆ కేక అర్థం వేరే చెప్పనవసరం లేదు. జూలియా గారు అప్పుడే జైలులోకి వెళ్లి చూశారు. మురికిలో, చాలీచాలని బట్టలతో ఉన్న ఆడఖైదీలను చూసి ఆమె మనసు కరిగిపోయింది.

మన సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలును 2016లో మ్యూజియంగా మార్చారు. దాన్ని చూసినవారికి ఆ కాలపు జైలు గది ఎలా ఉండేదో కొంత తెలుస్తుంది. అటువంటి గదిలోకి ఆమె రోజూ వెళ్లి, బయట తాళం వేయించుకుని ఖైదీలతో కూర్చునేవారు. అన్నం, బట్టలు పంపి ఊరుకోలేదు. దగ్గర కూర్చుని చదవడం, కుట్టుపని నేర్పారు. దొంగలని, చెడిపోయినవారని లోకం వదిలేసిన స్త్రీలకు చదువెందుకని ఆమె అనుకోలేదు.

1821లో ప్రభుత్వం ఆమెకు ఆడఖైదీల జైలు బాధ్యత అప్పగించింది. అప్పుడామె జైలు నియమాలు రాసి, వాటిని ఖైదీలకే చదివి వినిపించి, వారి సమ్మతి తీసుకున్నారు. మిత్రులారా, ఇది చాలా గొప్ప విషయం. సాయం పొందేవారికి కూడా అభిప్రాయం ఉంటుందని, దాన్ని అడగాలని ఆమె రెండు వందల ఏళ్ల కిందటే గుర్తించారు.

విడుదలైన స్త్రీలకు నిలువ నీడ లేదని 1823లో ఒక ఆశ్రయం నెలకొల్పారు. 1825లో ఆ దంపతులు తమ సొంత భవనంలోనే పనివాళ్ల పిల్లలకు శిశు పాఠశాల తెరిచారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు తల్లిదండ్రులిద్దరూ డ్యూటీకి వెళ్లే ఇళ్లలో పిల్లల పరిస్థితి ఎరిగిన మనకు దాని విలువ బాగా తెలుసు. 1834లో పేదింటి ఆడపిల్లలను చదివించడం కోసం సెయింట్ ఆన్ సిస్టర్ల సభను స్థాపించారు. 1835లో కలరా వచ్చినప్పుడు దంపతులిద్దరూ రోగులకు సేవ చేశారు. 1838లో భర్త మరణించినా ఆమె పని ఆపలేదు. 1845లో వికలాంగులైన బాలికలకు చిన్న ఆస్పత్రి కట్టించారు. 1864 జనవరి 19న కన్నుమూశారు. ఆస్తిని తన సేవాసంస్థలకే రాసి ఇచ్చారు.

ఆ సభను నడిపిన మదర్ ఎన్రికెత్తా దొమినిచి 1871లో సిస్టర్లను సికింద్రాబాద్‌కు పంపారు. ఆడపిల్లకు చదువెందుకని అడిగే ఆ రోజుల్లో, భాష తెలియని దేశంలో వారు బడి పెట్టారు. 2015లో కతోలిక సంఘం జూలియా గారిని గౌరవనీయురాలిగా ప్రకటించింది.

దానం చేసిన అన్నం ఒక పూట ఆకలి తీరుస్తుంది. నేర్పిన అక్షరం మనిషిని తన కాళ్ల మీద నిలబెడుతుంది. జూలియా గారు ఈ రెండూ చేశారు. ప్రభుత్వం మనకు హాస్టల్లో అన్నమూ, చదువూ రెండూ ఇస్తోంది. రేపు మనం ఉద్యోగస్తులమైన నాడు, మన వాడలో బడి మానేసిన ఒక్క చెల్లెలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దిస్తే, ఆ మహనీయురాలికి అదే నిజమైన నివాళి.