జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన పారిశ్రామికవేత్త, యంత్ర నిర్మాత. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన ఇతడిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. ప్రాథమిక స్థాయిని మించి చదువుకోకపోయినా, మోటారు ఇంజనును విప్పి, బిగించి దాని మర్మాలు నేర్చుకొని, ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించాడు. సామాన్యుడు కొనగలిగే కారును తయారు చేసినా దానిని విపణిలోకి తేలేకపోయాడు.

బాల్యం, మోటారు సైకిలు

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. బడి అంటే ఇతడికి గిట్టేది కాదు. ఊరికి వచ్చిన ఒక ఆంగ్లేయ అధికారి వద్ద రడ్జ్ మోటారు సైకిలును చూశాడు. గుర్రం గాని, ఎద్దు గాని లేకుండా నడిచే ఆ బండి ఇతడి జీవితాన్ని మలుపు తిప్పింది. దానిని కొనాలన్న పట్టుదలతో కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, కొన్నేళ్ళపాటు జీతం కూడబెట్టి చివరకు సొంతం చేసుకున్నాడు. కొన్న వెంటనే ఊరేగలేదు. విడిభాగాలుగా విప్పి, మళ్ళీ బిగించాడు. ఇతడికి ఇంజనీరింగు కళాశాల అదే.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి బాగా ధనం ఆర్జించాడు. ఆ సొమ్ముతో బొంబాయి వెళ్ళి అక్కడి పత్తి బేరగాళ్ళతో పోటీపడి, దాదాపు అంతా పోగొట్టుకొని తిరిగి వచ్చాడు.

బస్సుల వ్యాపారం

కోయంబత్తూరులో పేరుపొందిన ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ సహాయంతో 1920లో నాయుడు ఒక బస్సు కొన్నాడు. పొల్లాచి, పళని పట్టణాల మధ్య దానిని స్వయంగా నడిపాడు. ఆ బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) అయింది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు భాగంగా ఉన్న హైదరాబాదు రాజ్యంలో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో 1932లో ప్రారంభమైంది. అప్పటికి నాయుడు బస్సులు రోడ్డెక్కి పన్నెండేళ్ళయింది.

ఆ రోజులలో బస్సు నడపడమంటే ఇంజనును సాకడమే. ఫోర్ స్ట్రోక్ ఇంజను గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పీల్చుకొని, అదిమి, మండించి, కాలిన వాయువును బయటకు నెడుతుంది. పొగగొట్టంలోను, సైలెన్సరులోను మసి పేరుకుంటే ఆ వాయువు సులభంగా బయటపడదు. వెనక్కు తన్నే ఈ ఒత్తిడినే బ్యాక్ ప్రెషర్ అంటారు. దీనివలన సిలిండరులో కొంత కాలిన వాయువు మిగిలిపోయి, కొత్త మిశ్రమానికి చోటు తగ్గుతుంది. పిస్టనుకు కూడా వాయువును నెట్టే శ్రమ పెరుగుతుంది. ఫలితంగా బండి ఎత్తు ఎక్కలేదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇప్పుడు మెకానిక్కులు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరును తీసి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించి ఈ ఒత్తిడిని కొలుస్తారు. నిమిషానికి 2,500 చుట్ల వేగంలో గేజి చదరపు అంగుళానికి 3 పౌండ్లు దాటి చూపితే సాధారణంగా దారి పూడుకున్నట్లు భావిస్తారు. అటువంటి సెన్సర్లు లేని కాలంలో చెవి, చేయి, అనుభవమే కొలమానాలు. మోటారు సైకిలును విప్పి నేర్చిన విద్య నాయుడికి ఇక్కడ అక్కరకు వచ్చింది. కొన్నేళ్ళలోనే యు.ఎం.ఎస్. దేశంలోని సమర్థమైన రవాణా సంస్థలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది.

పరిశ్రమలు, ఆవిష్కరణలు

పీలమేడులో నాయుడు స్థాపించిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి 1937లో భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు వెలువడింది. దీని రూపకల్పనలో డి.బాలసుందరం నాయుడు పాత్ర ముఖ్యమైనది. బ్యాటరీలతో పనిచేసే రసాంట్ అనే క్షౌర యంత్రం, పలుచని బ్లేళ్ళు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిను పంకా, మోసానికి వీలులేని ఓట్ల నమోదు యంత్రం ఇతడి ఇతర ఆవిష్కరణలు. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించాడు. వ్యవసాయంలోనూ ప్రయోగాలు చేసి పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్త రకాలు పెంచాడు. ఆ తోటను సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సందర్శించారు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారు చేశాడు. ధర 2,000 రూపాయలు. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చినది కూడా ఆ సంవత్సరమే. ఏ వస్తువు, ఎవరు, ఎంత తయారు చేయాలన్నది ప్రభుత్వ లైసెన్సుపై ఆధారపడిన రోజులవి. నాయుడికి లైసెన్సు లభించలేదు, ఉత్పత్తి ఆగిపోయింది. ఆ కారు రోడ్డుపై ఎంతకాలం నిలిచేదో చెప్పడం కష్టం, ఎందుకంటే కొన్నవారు వాడి చూసే అవకాశమే రాలేదు. కాని చిన్న కుటుంబానికి చౌక కారు అన్న ఆలోచన ప్రభుత్వ ప్రోత్సాహంతో మారుతి 800గా రోడ్డెక్కడానికి 1983 వరకు ఆగవలసి వచ్చింది.

విద్యారంగం

1944లో నాయుడు మోటారు వ్యాపార నిర్వహణ నుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు, కార్మికుల సంక్షేమానికి విరాళాలు ప్రకటించాడు. 1945లో ఇతడి కృషితో మద్రాసు గవర్నరు పేరున ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆ కళాశాలే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. బడి మానిన నాయుడే దానికి ప్రిన్సిపాలు కావడం విశేషం. ఇంజనీరింగు నేర్పడానికి నాలుగేళ్ళు వృథా అనీ, రెండేళ్ళు చాలుననీ ఇతడి వాదన. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవి వదులుకున్నాడు. గణితం, సిద్ధాంతం రెండేళ్ళలో ఇమడవన్న ఎదుటివారి వాదనలోనూ బలముంది.

మరణం, స్మారకాలు

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఇతడు సేకరించిన యంత్రాలు, వస్తువులు కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో ఉన్నాయి. అక్కడే 2015లో పాత కార్ల ప్రదర్శనశాల కూడా ప్రారంభమైంది. అదే రోడ్డుపై నిర్మించిన 10.1 కిలోమీటర్ల వంతెనకు 2025 అక్టోబరులో జి.డి.నాయుడు పేరు పెట్టారు.