సెమ్మెల్వైస్ వైద్యుని చరిత్రము

విద్యార్థులారా, భోజనపు గంట కొట్టగానే బోర్డింగు పిల్లలు కొళాయియొద్ద వరుసగా నిలిచి చేతులు కడుగుకొందురు. పెద్దలు చూడనప్పుడు కొందరు వ్రేళ్లకొనలు మాత్రము తడిపి పంక్తిలో కూర్చుందురు. ఈ చిన్నపని విలువను లోకము గ్రహించుటకు ముందు ఎందరు తల్లులు మరణించిరో, దానిని కనుగొనిన మహనీయుడు ఎట్టి దుఃఖమున జీవితమును ముగించెనో మనలో పలువురెరుగరు. అందుచే ఆయన చరిత్రమును ఈ సంచికయందు మా శక్తికొలది వ్రాయ సాహసించుచున్నాము.

ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగేరీ దేశమందలి బుడా పట్టణమున జన్మించెను. డాన్యూబు నదికి ఒక ఒడ్డున బుడాయు, ఎదుటి ఒడ్డున పెష్ట్ పట్టణమును ఉండెడివి. 1873లో అవి ఏకమై బుడాపెష్ట్ నగరమైనవి. తండ్రి కిరాణా సరకుల వర్తకుడు, కలిగినవాడు. 1837లో ఇగ్నాజ్ న్యాయశాస్త్రము చదువుటకై వియన్నా నగరమునకు పోయెను గాని, త్వరలోనే ఆ చదువు విడిచి వైద్యవిద్యలో ప్రవేశించెను. 1844లో వైద్యపట్టము పొంది, 1846 జూలైలో వియన్నా మహావైద్యశాలయందలి మొదటి ప్రసూతి విభాగమున యోహాన్ క్లైన్ ఆచార్యునికి సహాయకుడుగా నియమింపబడెను. అప్పటికాయన వయస్సు 28 సంవత్సరములు.

ఆ వైద్యశాలలో ప్రసూతి విభాగములు రెండు. 1840 నుండి మొదటిదానియందు వైద్యవిద్యార్థులును, రెండవదానియందు మంత్రసానులును శిక్షణ పొందుచుండిరి. పురుటికి వచ్చు స్త్రీలను ఒకదినము ఒక విభాగమునను, మరునాడు రెండవదానియందును చేర్చుకొనుచుండిరి. వారిలో చాలమంది నిరుపేదలు. ప్రసవమైన రెండు మూడు దినములకు కొందరికి తీవ్రజ్వరము వచ్చి, కడుపు ఉబ్బి, మతి తప్పి, వారములోపల ప్రాణములు పోవుచుండెడివి. దానినే మనవారు బాలింత జ్వరమందురు. నేటి వైద్యులు సెప్సిస్ అని పిలుచు మహోపద్రవమునకు ఇది యొక రూపము.

1846లో మొదటి విభాగమున 4,010 ప్రసవములు జరుగగా 459 మంది తల్లులు మరణించిరి. అదే సంవత్సరము రెండవ విభాగమున 3,754 ప్రసవములకు మరణించినవారు 105 మంది. అనగా మంత్రసానులయొద్ద నూటికి ముగ్గురైనను చనిపోకుండగా, గొప్ప శాస్త్రము చదివిన వైద్యులయొద్ద నూటికి పదునొకండుగురు చనిపోవుచుండిరి! ఈ సంగతి నగరమంతటికిని తెలియును. తమవంతు మొదటి విభాగమునకు వచ్చెనని వినిన స్త్రీలు మోకాళ్లూని, రెండవదానికి పంపుడని ఏడ్చి వేడుకొనుచుండిరి. దారిలోనే ప్రసవించి పిదప వైద్యశాలకు వచ్చినవారు సైతము, లోపల ప్రసవించినవారికంటె క్షేమముగా ఉండిరి.

పెద్ద వైద్యులు ఇందుకు అనేక కారణములు చెప్పుచుండిరి. గాలిలోని విషమని కొందరు, జనసమ్మర్దమని కొందరు, స్త్రీల భయమని మరికొందరు అనిరి. సెమ్మెల్వైస్ ఏ మాటను ఊరక నమ్మలేదు, ఊరక త్రోసివేయను లేదు. ఒక్కొక్కదానిని తీసికొని లెక్కలతో సరిచూచెను. గాలి చెడినదన్నచో ఒకే కప్పు క్రింద ఆనుకొనియున్న రెండు విభాగములకును ఒకే గాలి గదా! సమ్మర్దమన్నచో రెండవ విభాగముననే జనము హెచ్చు. మరణించుచున్నవారికి కడపటి సంస్కారములు జరుపుటకు వచ్చు గురువు ఘంటానాదముతో మొదటి విభాగపు గదుల నడుమనుండి నడచుటచే తల్లులు బెదరుచున్నారని ఒక మాట యుండెను. ఆయన గురువును బతిమాలి, వేరొక త్రోవను ఘంట లేకుండ వచ్చునట్లు చేసెను. మరణములు తగ్గలేదు. రెండవ విభాగమున స్త్రీలను ప్రక్కకు పరుండబెట్టి పురుడు పోయుదురని విని తానును అట్లే చేయించెను. అయినను తగ్గలేదు.

1847 మార్చిలో ఆయన కొద్దిదినముల విశ్రాంతికై వెనిస్ నగరమునకు పోయి తిరిగి వచ్చునప్పటికి దుర్వార్త యొకటి ఎదురుచూచుచుండెను. ఆయన గౌరవించు మిత్రుడు, యాకోబ్ కొల్లెచ్కా అను ఆచార్యుడు, మరణించెను. శవపరీక్ష చేయించుచుండగా ఒక విద్యార్థి కత్తి ఆయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆ చిన్న గాయమునుండి విషము శరీరమంతట వ్యాపించి ప్రాణము తీసెను. సెమ్మెల్వైస్ దుఃఖముతో ఆ శవపరీక్ష వివరములు చదువుచుండగా ఆయన మనస్సు ఉలిక్కిపడెను. మిత్రుని దేహమున కనబడిన చిహ్నములు బాలింత జ్వరముచే చనిపోయిన స్త్రీల దేహములలో కనబడినవే! వ్యాధి ఒక్కటే, కారణమును ఒక్కటే కావలెను. కొల్లెచ్కా గాయమున ఆ విషమును ప్రవేశపెట్టినది కత్తి. తల్లుల శరీరమున ప్రవేశపెట్టుచున్నదేది?

విద్యార్థులారా, ఆ ప్రశ్నకు ఉత్తరము ఆయన చేతులలోనే యుండెను. మొదటి విభాగపు వైద్యులును విద్యార్థులును ప్రాతఃకాలమున శవములను కోసి పరీక్షించి, చేతులు పైపైన సబ్బుతో కడుగుకొని, అట్లే వచ్చి తల్లులను పరీక్షించుచుండిరి. కడిగినపిదపను ఆ చేతులకు శవపువాసన పోయెడిది కాదు. మంత్రసానులకు శవపరీక్షలతో పనిలేదు. ఇదియే రెండు విభాగములకును గల భేదము. అందరికంటె శ్రద్ధగా, ప్రతిదినము శవపరీక్ష చేసినవాడు సెమ్మెల్వైసే. రోగకారణము తెలిసికొని తల్లులను రక్షింపవలెనను కోరికతోనే ఆయన అట్లు చేసెను. ఆ శ్రద్ధయే వారికి మృత్యువాయెను. తన మూలమున అకాలముగా సమాధి చేరిన స్త్రీల సంఖ్య దేవునికొక్కనికే తెలియునని ఆయన తరువాత తన గ్రంథమున దాచక ఒప్పుకొనెను. ఇట్టి మాట వ్రాయుటకు ఎంత ధైర్యము కావలెనో ఆలోచింపుడు.

1847 మే నెల నడుమ ఆయన క్రొత్త కట్టడ చేసెను. ప్రసూతి గదిలో కాలిడు ప్రతివాడును క్లోరిను కలిసిన నీటితో, శవపువాసన పోవువరకు చేతులు రుద్ది కడుగుకొనవలెను. కొంతకాలమునకు క్లోరిను నీటికి బదులు, ధర తక్కువగానుండు సున్నపు క్లోరైడును వాడించెను. అది మనవారు బావులలో చల్లు బ్లీచింగు పౌడరే. పలువురు విద్యార్థులు చేతులు మండుచున్నవని విసుగుకొనిరి. ఆయన సడలింపలేదు.

ఫలమెట్లుండెనో లెక్కలే చెప్పును. ఆ సంవత్సరము ఏప్రిలులో మొదటి విభాగమున 312 ప్రసవములకు 57 మరణములు. జూనులో 268 ప్రసవములకు 6. జూలైలో 250కి 3. మరుసటి సంవత్సరమగు 1848 సంపూర్ణముగా చూచినచో 3,556 ప్రసవములకు మరణములు 45 మాత్రమే. ఆ యేట మార్చిలోను ఆగస్టులోను ఒక్క తల్లియైనను మరణింపలేదు.

నడుమ మరియొక పాఠమును ఆయన నేర్చుకొనవలసి వచ్చెను. 1847 అక్టోబరులో గర్భాశయపు పుండుతో బాధపడుచున్న ఒక స్త్రీని మొదటి పడకపై నుంచి, ఆమెను పరీక్షించిన చేతులతోనే తక్కినవారిని వరుసగా పరీక్షించిరి. అప్పుడు ప్రసవించిన 12 మందిలో 11 మంది చనిపోయిరి. విషము శవమునుండియే కాదు, జీవించియున్నవారి పుండ్లనుండియు వచ్చునని ఆయన గ్రహించెను. మొదట తాను చెప్పినది చాలదని సిగ్గుపడక ఒప్పుకొని, ఒక్కొక్క రోగినుండి మరియొకరియొద్దకు పోవునప్పుడెల్ల చేతులు కడుగవలెనని కట్టడను సవరించెను.

ఇంతటి మేలును కన్నులార చూచియు లోకము సంతోషింపలేదు. హెబ్రా, ష్కోడా, రోకిటాన్‌స్కీ మొదలగు కొందరు ఘనులు ఆయన పక్షమున నిలిచిరి. కాని పలువురు పెద్ద వైద్యులకు ఆ మాట రుచింపలేదు. మా చేతులే తల్లులను చంపినవని ఒప్పుకొనుట ఎవరికి సులభము? విషమన్నది కంటికి కనబడనిది. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి తెలియదు. 1849లో ఉద్యోగపు గడువు ముగియగా క్లైన్ దానిని పొడిగింపలేదు. 1850లో బోధనాధికారము దొరకినను అది నిర్బంధములతో కూడియుండుటచే మనస్సు విరిగి, ఆప్తమిత్రులకైనను చెప్పక వియన్నాను విడిచి పెష్ట్ చేరెను.

ఇచ్చట మన నాయకుని లోపమును కూడ చెప్పక తప్పదు. నిర్దోషులుగా చిత్రింపబడిన చరిత్రములు పిల్లలకు మేలు చేయవని మా నమ్మకము. ఆయన కనుగొనిన సత్యమును తానే వ్రాసి ప్రకటించుటకు ఏండ్లతరబడి ఆలసించెను. మొదట మిత్రుడు హెబ్రాయే ఆయనకు బదులుగా పత్రికలో వ్రాసెను. 1861 సంవత్సరపు ముద్రతో తుదకు గ్రంథము వెలువడెను గాని, అది మిక్కిలి పెద్దదై, ప్రతిపక్షులపై కోపముతో నిండియుండెను. దానిని ఆక్షేపించినవారికి ఆయన బహిరంగ లేఖలు వ్రాసి, వారిని హంతకులని నిందించెను. సత్యము ఆయన పక్షముననే యుండెను; కాని కోపముతో విసరిన సత్యమును అందుకొనుటకు ఎవరును చేయి చాపలేదు. ఎదుటివాని మనస్సు తెరచుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పు ఆయనయొద్ద కొరతయైనది. అయినను, చచ్చుచున్న తల్లులను తలచుకొని నిద్రపట్టని మనుష్యుని కోపమును మనము తేలికగా తప్పుపట్టరాదు.

పెష్ట్ నగరమున ఆయన పని వ్యర్థము కాలేదు. సెయింట్ రోకస్ వైద్యశాలలో 1851 మొదలు ప్రసూతి విభాగమును నడిపి, మరణములను నూటికి ఒకటికంటె తక్కువకు తెచ్చెను. 1855లో పెష్ట్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1857లో మారియా వైడెన్‌హోఫర్ అను కన్యను వివాహమాడెను.

కాని 1865 నాటికి ఆయన బుద్ధి చలించినట్లు ఇంటివారికి తోచెను. జూలై నెలాఖరున వియన్నాకు తీసికొనిపోయి, క్రొత్త వైద్యశాల చూపెదమను మిషతో పిచ్చివారి ఆశ్రమములో విడిచిరి. ఆయన వెలికి వచ్చుటకు పెనగులాడగా కావలివారు క్రూరముగా కొట్టిరని పిదప పరిశోధకులు తెలిసికొనిరి. గాయములు చీము పట్టి, విషము రక్తమంతట వ్యాపించి, రెండు వారములకే, ఆగస్టు 13వ తేదీన, 47వ యేట ఆయన మరణించెను. ఏ ఉపద్రవమునుండి తల్లులను కాపాడుటకు జీవితమంతయు పెనగులాడెనో, దానికే ఆయన బలియాయెను.

దైవసంకల్పము ఎంత విచిత్రము! ఆయన మరణించుటకు ముందుదినమే, ఆగస్టు 12న, స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు అను వైద్యుడు, బండిచక్రము క్రింద కాలు విరిగిన 11 ఏండ్ల బాలుని గాయమునకు కార్బాలికామ్లము పూసి కట్టు కట్టెను. ఆ బాలుడు కాలు పోగొట్టుకొనకుండ బ్రతికెను. 1879లో పారిస్ నగరమున లూయి పాస్టరు బాలింత జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవులను నల్లబల్లపై గొలుసువలె గీచి చూపెను. హంగేరీవాసి చెప్పినది నిజమని అప్పుడు లోకము తల వంచెను. ఆయన పుట్టిన గృహము నేడు వైద్యచరిత్ర ప్రదర్శనశాల. బుడాపెష్ట్‌లోని వైద్య విశ్వవిద్యాలయము ఆయన పేరనే పిలువబడుచున్నది.

ఆ పోరాటము నేటికిని ముగియలేదు. సెప్సిస్ అనగా, ప్రవేశించిన సూక్ష్మజీవులతో పోరాడుచు శరీరము అదుపు తప్పి, తన అవయవములకు తానే హాని చేసికొనుట. దానిని నిశ్చయముగా తెలుపు ఒక్క పరీక్ష ఇంకను దొరకలేదు. వైద్యులు రోగి ఊపిరివేగమును, రక్తపు ఒత్తిడిని, మతిస్థితిని కనిపెట్టి, రక్తమును పరీక్షించి నిర్ణయింతురు. త్వరగా గుర్తించి తగిన మందునిచ్చినచో అనేకులు బ్రతుకుదురు, ఆలసించినచో ప్రాణాపాయము. కావున తల్లిదండ్రులారా, బాలింతకు గాని, పసికందునకు గాని, గాయపడినవారికి గాని జ్వరము వచ్చి, ఊపిరి వడిగా ఆడి, మాట తడబడినచో, తెల్లవారనిమ్మని ఊరకుండక వెంటనే వైద్యశాలకు తీసికొనిపొండు.

తుదకు ఒక్క మాట. తరగతిలో చాలమంది తప్పినప్పుడు ఉపాధ్యాయులమగు మేము పిల్లల మందబుద్ధిని, ఇండ్ల పేదరికమును కారణముగా చెప్పుట సులభము. మార్కుల పుస్తకమును ముందుంచుకొని, లోపము మా చేతిలోనే యున్నదేమో యని వెదకుట కష్టము. ఈ చరిత్రము వ్రాయుచు మేము పలుమారు కలము ఆపి, ఆ ప్రశ్న మమ్మును మేమే అడుగుకొంటిమి. మీరును మీ మీ పనులయందు అట్లే అడుగుకొనుడు. పరిశుభ్రమైన చేతులను, తన తప్పును ఒప్పుకొను హృదయమును, సత్యమును ఓర్పుతో చెప్పు నాలుకను ప్రభువు మనకందరికిని దయచేయునుగాక.