ఇషి: సద్దు చేయని విల్లు

ఆగస్టు నెల రాగానే మనకు 9వ తేదీ గుర్తుకొస్తుంది. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు డోలు కొట్టి, జెండా ఎగరేసి, మన వీరులకు జోహార్లు చెప్పుకుంటాం. అదే ఆగస్టు నెలలో, 1911లో 29వ తేదీన, అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో ఓరోవిల్ అనే ఊరి శివారున, పశువుల కబేళా దగ్గర ఒక మనిషి దొరికాడు. వయసు యాభైకి దగ్గర. ఆకలితో చిక్కి శల్యమై ఉన్నాడు. జుట్టు కురచగా కాల్చుకుని ఉంది. అయినవాళ్ళు చనిపోతే ఆ జాతివారు పాటించే సంతాపం అది. ఆయన మాట అక్కడ ఒక్కరికీ అర్థం కాలేదు.

ఆయన్నే లోకం ఇషి అని పిలుస్తుంది. యానా భాషలో ఇషి అంటే మనిషి. అది ఆయన అసలు పేరు కాదు. తన పేరు తానే చెప్పుకోవడం ఆ జాతి ఆచారంలో లేదు. ఆ పేరు చెప్పడానికి అయినవాళ్ళెవరూ మిగల్లేదు. అందుకే ఆయన అసలు పేరు ఆయనతోనే పోయింది.

ఎక్కడో అమెరికా కథ మన సంచికలో ఎందుకని మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడగొచ్చు. ఇషి విలుకాడు. విల్లు తయారు చేయడం తెలిసినవాడు, దానితో సద్దు లేకుండా వేటాడి బతికినవాడు. ఈ రోజు విలువిద్య నేర్చుకునే మన పిల్లలు కొందరు, నారి చప్పుడు తగ్గాలంటే ఏ సైలెన్సర్ కట్టాలని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన జీవితంలో దొరుకుతుంది.

సద్దు చేయకుండా నలభై ఏళ్ళు

ఇషి యాహీ తెగవాడు. యానా జాతిలో దక్షిణాన ఉన్న శాఖ అది. లాసెన్ శిఖరం దిగువన మిల్ క్రీక్, డీర్ క్రీక్ అనే రెండు వాగుల లోయలు వాళ్ళ సీమ. వాగుల్లో సాల్మన్ చేపలు, కొండల మీద జింకలు, ఓక్ చెట్ల కాయల పిండి వాళ్ళ తిండి.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. వేలకొద్దీ జనం వచ్చిపడ్డారు. వాగులు బురదయ్యాయి, చేపలు తగ్గాయి. జింకలు తిరిగిన చోట వలసదారుల పశువులు మేశాయి. ఆకలికి తాళలేక ఒక పశువును కొడితే, దానికి బదులుగా తుపాకులు పట్టుకుని వచ్చి ఊళ్ళకు ఊళ్ళనే కాల్చారు. 1865లో మిల్ క్రీక్ ఒడ్డున తెల్లవారుజామున ఒక గూడెం మీద దాడి జరిగింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు కింగ్‌స్లీ గుహలో దాక్కున్న ముప్పై మంది దాకా యాహీలను, పిల్లలతో సహా, చంపేశారు. ఇషి అప్పటికి చిన్నవాడు.

మిగిలిన కొద్దిమంది లోయల్లో మాయమైపోయారు. దాదాపు నలభై ఏళ్ళు బయటివాళ్ళ కంట పడకుండా బతికారు. అడుగు జాడ పడకుండా రాయి మీద నుంచి రాయి మీదకు దాటేవారు. పొదల కింద పాకుతూ వెళ్ళేవారు. పొగ కనబడకుండా చిన్న మంటే వేసేవారు. గొడ్డలితో కట్టె కొట్టేవారు కాదు, ఆ చప్పుడు మనిషి ఉన్నాడని మైళ్ళ దూరం చెబుతుంది కాబట్టి. నీళ్ళకు కొండ అంచు నుంచి తాడు పట్టుకుని వాగులోకి దిగేవారు.

అలాంటి బతుకులో తుపాకీ పనికిరాదు. ఒక్కసారి పేలితే లోయంతా మారుమోగుతుంది. విల్లు ఒక్కటే వాళ్ళకు తిండి పెట్టింది, వాళ్ళను దాచింది.

1908 నవంబరులో విద్యుత్ కంపెనీ సర్వేయర్లు డీర్ క్రీక్ లోయలోకి వచ్చి వాళ్ళ చివరి గూడేన్ని కనుక్కున్నారు. అప్పటికి అక్కడ ఉన్నది నలుగురు: ఇషి, ముసలి తల్లి, చెల్లెలి వరసైన ఒక స్త్రీ, ఒక ముసలాయన. లేవలేని తల్లిని దుప్పట్లలో చుట్టి ఉంచారు. మిగతావాళ్ళు తప్పుకున్నారు. వచ్చినవాళ్ళు ఆమెను ఏమీ చేయలేదు కానీ విల్లులు, బాణాలు, బుట్టలు, చర్మపు దుప్పట్లు గుర్తుగా పట్టుకుపోయారు. చలికాలం ముందు బతుకుతెరువు మొత్తం పోయింది. తల్లి కొద్ది రోజులకే కన్నుమూసింది. ఆ ఇద్దరూ మళ్ళీ కనబడలేదు. ఇషి ఒక్కడే దాదాపు మూడేళ్ళు తిరిగి, చివరికి ఆ కబేళా దగ్గర బయటపడ్డాడు.

జైలు గది నుంచి మ్యూజియానికి

షెరీఫ్ ఆయన్ను కాపాడడానికే జైలు గదిలో ఉంచాడు. రెండు రోజులకు వాటర్‌మన్ అనే పరిశోధకుడు యానా మాటల పట్టిక పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్క మాటే చదివాడు. ఏదీ తగల్లేదు. చివరికి పసుపు పైన్ చెట్టును చెప్పే మాట, సివిని, పలుకుతూ మంచం చెక్కను తట్టి చూపాడు. ఇషి ముఖం వెలిగిపోయింది. చాలా కాలం తర్వాత ఇంకొకరి నోట తన భాష విన్నాడు.

శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఆయనకు బస దొరికింది. క్రోబర్ అనే ఆచార్యుడు ఆ పేరు పెట్టింది అప్పుడే. మ్యూజియంలో పనివాడిగా నెలకు 25 డాలర్ల జీతం ఇచ్చారు. ఆదివారాలు జనం చూస్తుండగా నల్లని గాజురాయితో బాణం మొనలు చెక్కి చూపేవాడు. ఖాళీ సీసాల గాజుతోనూ అంతే నున్నగా చెక్కేవాడు.

విల్లు కట్టిన తీరు

పక్కనే ఉన్న వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడు శాక్స్‌టన్ పోప్. ఇషికి వైద్యం చేయడానికి వచ్చి స్నేహితుడయ్యాడు, విలువిద్యలో శిష్యుడయ్యాడు. ఇషి చేసిన ప్రతి పనినీ కొలిచి రాసుకున్నాడు. ఈ రోజు యాహీ విల్లు గురించి మనకు తెలిసిందంతా ఎక్కువగా ఆ రాతల వల్లే.

ఇషి విల్లు జునిపర్ కొయ్యతో చేసినది. పొడవు సుమారు 110 సెంటీమీటర్లు. చాచిన చేతి నుంచి అటువైపు తుంటి దాకా కొలిచి తీసుకునేవాడు. వెనుక వైపున జింక నరాలను నమిలి మెత్తబరిచి, సాల్మన్ చేప చర్మం ఉడికించిన జిగురుతో అతికించేవాడు. నరం ఎండేకొద్దీ బిగుస్తుంది, కొయ్య విరగకుండా పట్టుకుంటుంది. లాగితే సుమారు 20 కిలోల బరువు.

నారి కూడా జింక కాలి నరాలదే. నమిలి, పేని, రెండు పుల్లల మధ్య బిగించి, ఉమ్మితో రుద్ది నునుపు చేసేవాడు. మందం 3 మిల్లీమీటర్లు. ఎక్కుపెట్టినప్పుడు పట్టుకూ నారికీ మధ్య ఎడం సుమారు 10 సెంటీమీటర్లు. పని లేనప్పుడు విల్లును నిలబెట్టనిచ్చేవాడు కాదు. నిలబడిన విల్లుకు చెమట పట్టి బలం పోతుందని ఆయన నమ్మకం. పిల్లలు విల్లును దాటితే బాణం వంకరగా పోతుందనేవాడు. మన ఇళ్ళల్లో విల్లు చూరుకు ఎందుకు కట్టి ఉంచుతారో తాతల్ని అడిగి చూడండి.

నారి ఎందుకు మోగుతుంది, ఎలా ఊరుకుంటుంది

ఇప్పుడు సైలెన్సర్ సంగతి. విల్లు లాగినప్పుడు కొయ్యలో చేరిన బలం మొత్తం బాణంలోకి పోదు. మిగిలిన బలం నారిని, విల్లు చేతుల్ని వణికిస్తుంది. ఆ వణుకే చప్పుడు. జింకకు ఆ చప్పుడు ముందు వినబడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఇలాంటి విల్లు బాణం 40 మీటర్ల దరిదాపు పోతుంది. 40 గజాల దూరంలో బాణం చేరేసరికి దాదాపు సెకను పడుతుంది, చప్పుడు ఆ సెకనులో పదోవంతుకే చేరుతుంది. జింక వంగి దూకడానికి ఆ వ్యవధి చాలు.

అందుకే మొదటి సైలెన్సర్ దగ్గరితనం. ఇషి పది ఇరవై గజాల దూరం నుంచే, మోకాళ్ళ మీద కూర్చుని వేసేవాడు. దూరపు గురి పోటీల్లో ఆయన గొప్ప కాదు. అంత దగ్గరకు చేరడంలో ఆయన్ను మించినవాడు లేడు. వేటకు ముందు చేప తినడు, పొగ తాగడు, వాగులో స్నానం చేసి వాసన ఆకులు ఒంటికి రుద్దుకుంటాడు. వేళ్ళకు పెదవులు ఆనించి కుందేలు పిల్ల అరుపు అరిస్తే కుందేళ్ళే కాదు, అడవి పిల్లులు కూడా వెతుక్కుంటూ వచ్చేవి.

రెండోది విల్లుకు తగిన బాణం. మరీ తేలిక బాణం వేస్తే బలం నారిలోనే మిగిలి ఎక్కువ మోగుతుంది. కాస్త బరువైన బాణం ఆ బలాన్ని తనతో తీసుకుపోతుంది. బాణం గాడి నారికి సరిగ్గా పట్టాలి. వదులైనా, మరీ బిగువైనా చప్పుడే.

మూడోది ఎడం. ఎక్కుపెట్టిన నారి, పట్టు మధ్య ఎడం కొద్దికొద్దిగా మార్చి చూస్తే ఒక చోట విల్లు నెమ్మదిస్తుంది. నారిని పేని పొట్టి చేస్తే ఎడం పెరుగుతుంది, విప్పితే తగ్గుతుంది.

ఇవన్నీ చూసుకున్నాకే నారికి ఏదైనా కట్టాలి. ఉత్తర కాలిఫోర్నియా తెగల విల్లులకు కొనల దగ్గర నీటికుక్క బొచ్చు పట్టీలు చుట్టిన మచ్చులు మ్యూజియంలలో ఉన్నాయి. నారి కొయ్యకు తగిలే చోట బొచ్చు ఉంటే దెబ్బ మెత్తబడుతుంది. ఈ కాలం విలుకాళ్ళు నారి మీదే, పై కొన నుంచి నారి పొడవులో సుమారు నాలుగో వంతు దూరంలో ఒకటి, కింది కొన నుంచి అంతే దూరంలో ఇంకొకటి కడతారు. బొచ్చు తేలిక, మెత్తన, తడిసినా త్వరగా దులిపేసుకుంటుంది. ఉన్ని చౌక, బాగా అణుస్తుంది, కానీ వానలో నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. రబ్బరు వానకు చెడదు, కానీ బరువు ఎక్కువ. ఏదైనా సరే, నారి బరువెక్కితే బాణం వేగం తగ్గుతుంది. కాబట్టి చిటికెడంత కట్టి, విని, చాలకపోతేనే పెంచాలి.

మన దగ్గర ఒక మాట మరవొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, నీటికుక్క చర్మం దగ్గర ఉంచుకోవడమూ నేరమే. గురి మైదానంలో సాధనకు గొర్రె ఉన్ని పోగులు నాలుగు చాలు.

అదే నారి పాడింది కూడా

వేటలో ఊరుకోవలసిన ఆ నారిని ఇషి తీరిక వేళల్లో పాడించేవాడు. విల్లు ఒక కొనను నోటి దగ్గర ఆనించి, బాణంతో నారి మీద తట్టుతూ, పాతకాలపు వీరుడి కథ ఒకటి సన్నగా పాడుకునేవాడు. ఎప్పుడు మోగాలో ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన చేతిలో విల్లు రెండు పనులూ చేసింది.

1914 మే నెలలో పోప్, ఆయన కొడుకు, క్రోబర్, వాటర్‌మన్ ఆయన్ను డీర్ క్రీక్‌కు తీసుకెళ్ళారు. వెళ్ళడానికి ముందు ఇష్టపడలేదు. అది అయినవాళ్ళు చనిపోయిన చోటు. అయినా వెళ్ళి ప్రతి దారి, ప్రతి గూడెం చూపించాడు. 1915 వేసవిలో భాషావేత్త సపీర్‌తో కూర్చుని యాహీ మాటలు, కథలు రాయించాడు. అప్పటికే ఒళ్ళు బాగాలేదు. 1916 మార్చి 25న క్షయతో చనిపోయాడు.

శవాన్ని కోయొద్దని దూరంగా ఉన్న క్రోబర్ గట్టిగా రాసినా, కోశారు. మెదడు తీసి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కు పంపారు. బూడిదను మాత్రం విల్లు, ఐదు బాణాలు, ఓక్ కాయల పిండి, పూసలు తోడు పెట్టిన సంస్కారంతో సాగనంపారు. ఆదివాసీ సంఘాలు వెంటపడి అడిగాక, 2000లో మెదడును రెడింగ్ రాంచెరియా, పిట్ రివర్ తెగలవారికి అప్పగించారు. వాళ్ళు రెండింటినీ కలిపి, చోటు బయటపెట్టకుండా, తమ నేలలో పాతిపెట్టారు. ఇషి మళ్ళీ తన అడవిలో ఎవరికీ కనబడకుండా ఉన్నాడు.

మనం తీసుకోవలసింది

పోప్ 1923లో విల్లు వేట మీద పుస్తకం రాశాడు. అమెరికాలో వేల మంది మళ్ళీ విల్లు పట్టారు. పోప్ పేరు మీద 1961లో పెద్ద విలుకాళ్ళ సంఘమే ఏర్పడింది. ఇషి విద్య బతికింది. కానీ అది నేర్చుకున్న యాహీ పిల్లవాడు ఒక్కడూ లేడు. తండ్రి నుంచి కొడుకుకు పోవలసింది డాక్టరు నోటు పుస్తకంలోకి పోయింది. అదే ఆ కథలో అన్నిటికన్నా పెద్ద బాధ.

మనకు ఆ దుస్థితి రాలేదు. మన గూడేల్లో వెదురు విల్లు వంచిన చేతులు, నారి పేనిన వేళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాత పక్కన కూర్చోండి. ఏ నెలలో వెదురు కొట్టాలో, నారికి ఏ నార మంచిదో, చప్పుడు ఎలా తగ్గిస్తారో అడగండి. ఫోనులో రికార్డు చేయండి, మన భాషలోనే. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు కూడా రాసి పెట్టండి.

ఇషి పేరు ఎవరికీ తెలియకుండా పోయింది. మన తాతల పేర్లు అలా పోకూడదు.

ఇషికి జోహార్. మన విలుకాళ్ళందరికీ జోహార్.