గోడలు దాటిన చదువు – మేరీ వార్డ్ జీవితం

మన ఊళ్ళలో ఇంగ్లీషు మీడియం బడి కనిపిస్తే చాలు, దాన్ని కాన్వెంటు అనేస్తాం. నడిపేది శాస్త్రిగారైనా రెడ్డిగారైనా సరే, పిల్లవాడు కాన్వెంటుకు వెళుతున్నట్టే లెక్క. కాని ఐరోపాలో ఒకప్పుడు ఆ మాటకు అర్థం వేరు. ఎత్తయిన గోడల మధ్య, కమ్మీల కిటికీల వెనుక, లోకం ముఖం చూడకుండా సన్యాసినులు ప్రార్థనలో గడిపే మఠం అది. లోకానికి తలుపు మూసుకున్న ఆ ఇల్లు ఆడపిల్లలకు తలుపు తెరిచిన బడిగా ఎలా మారింది? ఆ మార్పు కోసం తన సర్వస్వం పణంగా పెట్టిన వారిలో మేరీ వార్డ్ అనే ఇంగ్లీషు వనిత ముఖ్యురాలు.

ఆమె 1585 జనవరి 23న యార్క్‌షైర్‌లో, రిపన్ పట్టణం దగ్గర మల్విత్‌లో పుట్టింది. ఇంగ్లండులో కేథలిక్కులకు అవి గడ్డు రోజులు. రాజ్యం ఆమోదించిన చర్చికి వెళ్ళకపోతే జరిమానా; కేథలిక్ గురువుకు ఇంట్లో చోటిస్తే ప్రాణానికే ముప్పు. మేరీ అమ్మమ్మ విశ్వాసం వదులుకోనందుకు ఏళ్ళ తరబడి చెరసాలలో ఉంది. 1605 నాటి తుపాకిమందు కుట్రలో చేరి మేనమామలు జాన్ రైట్, క్రిస్టఫర్ రైట్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి ఇంట పెరిగిన పిల్లకు పట్టుదల ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇంగ్లండులో మఠాలు లేవు గనుక 1606లో సముద్రం దాటి సెంటొమేర్ చేరింది. ఆ ఊరు ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. అక్కడ పూర్ క్లేర్ సన్యాసినుల దగ్గర చేరి, ఇంటింటా తిరిగి భిక్ష తెచ్చే పని చేసింది. తర్వాత ఇంగ్లీషు స్త్రీల కోసం అదే సంప్రదాయంలో ఒక మఠం నెలకొల్పింది. అక్కడే స్థిరపడితే పేరూ గౌరవమూ దక్కేవి. కాని తన పని ఆ నాలుగు గోడల మధ్య లేదని తోచి, 1609లో బయటికి వచ్చేసింది. కొద్దిమంది స్నేహితురాళ్ళతో సెంటొమేర్‌లోనే బడి పెట్టింది. ప్రవాసంలో ఉన్న ఇంగ్లీషు కుటుంబాల పిల్లలకు వసతి, ఊళ్ళోని పిల్లలకు ఉచితంగా చదువు. మగపిల్లల సొత్తనుకునే లాటిన్ కూడా అక్కడి ఆడపిల్లలు నేర్చుకున్నారు.

ఇక్కడే పేచీ వచ్చింది. ట్రెంట్ మహాసభ తర్వాత సన్యాసినులంతా మఠం గడప దాటరాదని రోము శాసించింది. అంతకుముందు ఇటలీలో ఏంజెలా మెరిచి మొదలుపెట్టిన ఉర్సులైన్లు కూడా క్రమంగా చాలాచోట్ల గోడల వెనక్కి వెళ్ళవలసి వచ్చింది. మరి గడప దాటని గురువు బీదింటి పిల్లను ఎలా చేరుకుంటుంది? ఊరూరా బడి ఎలా పెడుతుంది? అందుకని మేరీ వార్డ్ జెస్యూట్ గురువుల పద్ధతి కోరుకుంది. ఆవరణ నియమం ఉండకూడదు, స్థానిక బిషప్పు అజమాయిషీ ఉండకూడదు, స్త్రీల సంఘాన్ని స్త్రీయే నడపాలి. ఆ రోజుల్లో ఇది వినడానికే వింత. ఆడ జెస్యూట్లని ఎగతాళి చేశారు. ఎంతైనా ఆడవాళ్ళు, ఈ ఉత్సాహం నాలుగు రోజులే అన్నవాళ్ళున్నారు. సత్యం తెలుసుకునే శక్తికి ఆడ మగ తేడా లేదని ఆమె తన వాళ్ళకు బోధించింది.

1621లో పోపు అనుమతి కోసం బయలుదేరి, శీతాకాలంలో ఆల్ప్స్ పర్వతాలు దాటి, చాలావరకు కాలినడకనే, క్రిస్మస్ ముందురోజు రోము చేరింది. అనుమతి రాలేదు. అయినా రోములో, నేపుల్స్‌లో, పెరూజాలో బడులు తెరిచింది. 1625లో రోములోని బడి మూయించారు. ఆమె వెనుదిరగలేదు. 1627లో మ్యూనిక్‌లో, వియన్నాలో, 1628లో ప్రెస్‌బర్గ్‌లో మళ్ళీ బడులు లేచాయి.

1631 జనవరిలో పోపు ఎనిమిదవ అర్బన్ ఆ సంఘాన్నే రద్దు చేశాడు. ఫిబ్రవరిలో మేరీ వార్డ్‌ను మతద్రోహి అంటూ మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు. జబ్బుతో చావు దాకా వెళ్ళింది. తప్పు ఒప్పుకుంటున్నట్టు అర్థమొచ్చే పత్రం మీద సంతకం చేస్తేనే అంత్యసంస్కారాలు అన్నారు. అవి ఆమెకు ప్రాణం కంటే ఎక్కువ. అయినా సంతకం చేయలేదు. పొట్లాలు చుట్టే కాగితాల మీద నిమ్మరసంతో ఉత్తరాలు రాసి బయటికి పంపింది. కాగితాన్ని సెగకు చూపితే అక్షరాలు తేలేవి. వాటిలో ఏడుపు తక్కువ, స్నేహితురాళ్ళకు ధైర్యం చెప్పడం ఎక్కువ. ఏప్రిల్‌లో విడుదలై రోముకు వెళ్ళింది. మతద్రోహమన్న మచ్చ తొలగింది గాని సంఘం తిరిగి రాలేదు. 1639లో లండను చేరింది. అంతర్యుద్ధం ముదరడంతో యార్క్‌షైర్ వెళ్ళి, 1645 జనవరి 30న యార్క్ దగ్గర హీవర్త్‌లో కన్నుమూసింది. కేథలిక్కు గనుక సమాధికి చోటు దొరకడమే కష్టమైంది. ఆస్‌బాల్డ్‌విక్ చర్చి గురువు చేతిలో కాస్త సొమ్ము పడ్డాకే అక్కడ చోటు దొరికిందని చెబుతారు.

ఆమె పోయింది గాని బడి పోలేదు. 1686లో యార్క్‌లో ఆమె సంప్రదాయంలోని సిస్టర్లు రహస్యంగా బార్ కాన్వెంటు తెరిచారు. 1703లో పోపు వారి నియమావళికి ఆమోదమిచ్చాడు. కాని 1749లో వేరొక పోపు, మేరీ వార్డ్‌ను స్థాపకురాలిగా చెప్పుకోరాదని కట్టడి చేశాడు. పిల్లలు ఉండవచ్చు, తల్లి పేరు ఎత్తరాదు! ఆ పేరు తిరిగి దక్కింది 1909లో. 2009లో రోము ఆమెను వందనీయురాలిగా ప్రకటించింది.

యార్క్‌లో శిక్షణ పొందిన ఐర్లండు వనిత తెరీసా బాల్ డబ్లిన్‌లో లోరెటో శాఖను నెలకొల్పింది. ఆమె పంపిన సిస్టర్లు 1841 డిసెంబరు చివర కలకత్తా చేరి ఆడపిల్లల బడులు పెట్టారు. మదర్ తెరీసా ఇండియాకు వచ్చింది ఆ లోరెటో సిస్టరుగానే. 1948 దాకా ఆమె బడిపంతులమ్మే. మన వైపు 1871లో ఇటలీ నుంచి సికింద్రాబాదుకు వచ్చిన సెయింట్ ఆన్స్ సిస్టర్లది వేరే సంఘం. అయినా సన్యాసిని వీధిలోకి వచ్చి పాఠం చెప్పవచ్చునన్న హక్కు వారికి ఊరికే రాలేదు. దాని కోసం ముందే ఒకామె చెరసాల చూసింది.

పుస్తకం సంచిలో వేసుకుని కాలేజీకి రావడం మన చెల్లెళ్ళకు ఈనాడు మామూలు సంగతి. మామూలైన ప్రతి సంగతి వెనుకా ఎవరో ఒకరు సంతకం చేయనని మొండికేసిన రోజు ఒకటి ఉంటుంది. మేరీ వార్డ్ తను కోరింది కళ్ళారా చూడకుండానే పోయింది. కాన్వెంటు అన్న మాటకు మనం ఇచ్చుకున్న కొత్త అర్థంలో మాత్రం ఆమె గెలుపు ఉంది.