చెంచుల గోడును సర్కారు ఫైలు మీదికి తెచ్చిన హైమన్‌డార్ఫ్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని మన కార్యదర్శిగారు అడగగానే నాకు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గుర్తుకొచ్చారు. అమ్రాబాద్ ప్రాంతంలో ఉద్యోగం చేసిన నాకు ఆ చెంచుపెంటలు తెలుసు. ఆదిలాబాదు గోండులకు ఆయన చేసిన సేవ చాలామందికి తెలుసు. కాని హైదరాబాదు సంస్థానంలో ఆయన పని మొదలైంది మన పాలమూరు జిల్లా నల్లమలలోనే.

ఆయన 1909లో వియన్నాలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే డాక్టరేటు పొందారు. 1936లో మన దేశానికి వచ్చి కొన్యాక్ నాగాల మధ్య ఉండి పరిశోధన చేశారు. 1939లో భార్య బెట్టీగారితో మళ్ళీ వచ్చేసరికి యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో శత్రుదేశస్థుడని లెక్కగట్టారు. అయినా నిర్బంధ శిబిరంలో పెట్టకుండా నిజాం రాజ్యంలో ఉండి పని చేసుకోనిచ్చారు. అలా 1940లో ఆ దంపతులు అమ్రాబాద్ పీఠభూమికి చేరారు.

చెంచులు దుంపలు తవ్వుకొని, తేనె తీసి, ఇప్పపూవు ఏరుకొని బతికేవారు. కొందరికి నాలుగు బర్రెలో, మేకలో ఉండేవి. ఏ గుంపు ఏ అడవిలో తిరగాలో వారిలో వారికి కట్టుబాటు ఉంది. కాని కాగితం మీద అడవి సర్కారుది, అడవి సరుకు గుత్తేదారుది. మైదానం నుంచి వచ్చే మందలకు కూడా అక్కడే మేత కావాలి. ఈ ముగ్గురి నడుమ చెంచు మాట వినేవారే లేరు.

హైమన్‌డార్ఫ్‌గారు 1943లో చెంచుల మీద గ్రంథం వెలువరించారు. అంతకంటే పెద్ద పని మరొకటి చేశారు. చెంచులకు ప్రత్యేకంగా అడవి కేటాయించాలని ప్రభుత్వానికి సూచించారు. ఆ సూచన మేరకు 1942లో పై పీఠభూమి మీద సుమారు లక్ష ఎకరాలను చెంచుల రిజర్వుగా ఏర్పాటు చేశారు.

తరువాత ఆయన ఆదిలాబాదు వెళ్ళారు. కొమురం భీం తిరుగుబాటు తరువాత గోండుల కష్టాలపై ప్రభుత్వానికి నివేదికలిచ్చారు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించారు. 1945లో గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. ఆపై లండన్‌లో ఆచార్యులుగా 1976 వరకు పనిచేశారు.

1948 తరువాత చెంచుల రిజర్వు మరుగున పడిపోయింది. ఎందుకని? ఉత్తర్వు అమలు కాకపోతే కచేరీకి వచ్చి అడిగే బలం చెంచులకు లేదు. చెదురుమదురు పెంటల్లో నాలుగేసి గుడిసెల వారి ఓట్లు ఎవరికి పడితే ఏం? ఆయన 1970లలో తిరిగి వచ్చి గిరిజనుల స్థితిగతులు మళ్ళీ పరిశీలించారు. బతకడానికి వారు పడుతున్న పాట్లను 1982 నాటి గ్రంథంలో వివరించారు.

బెట్టీగారు 1987లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. ఆయన 1995లో లండన్‌లో మరణించారు. ఆయన అస్థికలనూ తరువాత అక్కడికే చేర్చారు. గోండులు ఆ దంపతులను ఏటా స్మరించుకుంటారు.

అమ్రాబాద్‌లో అటువంటి గుర్తు నేను చూడలేదు. ఆ అడవి ఇప్పుడు పులుల అభయారణ్యం. పెంటలను ఖాళీ చేయించే మాట వస్తూనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినా, అడవి మీద హక్కు కాగితం చేతికి రావాలంటే తిరగవలసిన గడపలు చాలా. అచ్చంపేట శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలది. చెంచుల తరఫున సభలో మాట్లాడే చెంచు లేడు. 2019లో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఊళ్ళన్నీ కదిలాక శాసనసభ తీర్మానం చేసింది. పదిమంది కలిసి అడిగితే వినక తప్పదని అప్పుడు తేలింది.

మనమంతా ఫైళ్ళతో బతికినవాళ్ళం. జీవో వెలువడినంత మాత్రాన పని అయినట్టు కాదని మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మన పెన్షను బకాయిలకే సంఘం పెట్టుకొని తిరుగుతున్నాం. ఆ పెంటలవారి దరఖాస్తు రాసిపెట్టడానికి, అది ఏ బల్ల మీద ఆగిందో కనుక్కోవడానికి మనలో ఓపిక ఉన్నవారు ముందుకు రావాలి. హైమన్‌డార్ఫ్‌గారికి మనం చేయగల నివాళి అదే.